వాత పెట్టిన చోటు

డిఫెండర్ అనేవాడు ఎదుటివాడి కళ్ళు చూడకూడదనీ, కాళ్ళు అసలే చూడకూడదనీ, నడుము మాత్రమే చూడాలనీ మా లెబనాన్ కోచ్ చెప్పేవాడు. కళ్ళు అబద్ధమాడతాయి. కాళ్ళు అంతకంటే పెద్ద అబద్ధాలాడతాయి. మనిషి ఎటు పోబోతున్నాడో నడుము మాత్రం దాచలేదు. రాస్ అల్ ఖైమాలో ఇసుక మైదానం గీత పక్కన, అయోడిన్ సీసా, ఐసు బకెట్టు ముందర పెట్టుకుని కూర్చున్న నేను ఈ మాట మొదటిసారి విన్నప్పుడు లేచి చప్పట్లు కొట్టబోయాను. మా జిల్లా వేదికల మీద నేను గొంతు చించుకుని చెప్పిందీ అదే కదా! వాడు ఏం చెబుతున్నాడో వినకు, ఏం చూపిస్తున్నాడో చూడకు, ఏం జరుగుతోందో చూడు.

జగిత్యాల వైపు కాంపౌండరుగా పనిచేస్తూ సాయంత్రాలు సంస్కరణ సభల్లో వాదించడం నా అసలు చదువు. బాణామతి చేసిందని ఒక ముసలమ్మ పళ్ళు ఊడగొట్టిన ఊరికి పోయి, అదే ఊరి నడిబొడ్డున నిలబడి అడిగాం: ఆమె మంత్రానికి అంత బలమే ఉంటే మీ చేతులెందుకు పడిపోలేదని. నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమేమీ లేదు, మీరూ నడవండి అని పిలిచాం. అన్నిటికంటే నాకు కోపం వాతల మీద. పసిపిల్లకు పొట్ట ఉబ్బితే చాలు, గాజుముక్క కాల్చి బొడ్డు చుట్టూ పెట్టేవారు. నాకూ పెట్టారు. సభలో చొక్కా ఎత్తి ఆ మచ్చలు చూపించేవాణ్ణి. "వాతలు పెట్టినందుకు బతకలేదు, వాతలు పెట్టినా బతికాను" అనేవాణ్ణి. జనం నవ్వేవారు. మర్నాడు పోయి పిల్లలకు వాతలు పెట్టేవారు.

దుబాయ్ పోయానంటే ఊళ్ళో అందరూ దుబాయే అనుకున్నారు. నేను దిగింది రాస్ అల్ ఖైమాలో, ఒక కట్టడాల కంపెనీ ప్రథమ చికిత్స గదిలో. మా కఫీల్, అంటే నా వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ యజమాని, ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు కూడా పెద్ద. అందుకని సాయంత్రాలు నన్ను మైదానానికి పంపేవాడు. ఆటగాళ్ళు నన్ను డాక్టర్ అనేవారు. క్యాంపు నుంచి ఆట చూడడానికి వచ్చే మన కరీంనగర్, నిజామాబాద్ తాపీ పనివాళ్ళు ఇసుక డాక్టర్ అనేవారు.

లెబనాన్ మనిషి బేరూత్‌లో యుద్ధం మొదలైన మరుసటి ఏడు వచ్చాడు. అప్పటికింకా కోచ్ కాదు, అక్కడ పేరున్న స్టాపర్, అంటే గోలు ముందు నిలబడి ఆపే డిఫెండర్. పొడుగు మనిషి, నుదురు పైకి జుట్టు పలచబడుతోంది. పచ్చికకు అలవాటుపడ్డవాడు కాబట్టి మొదటి నెల ఇసుక మీద జారి జారి తొడల తోలంతా ఊడగొట్టుకున్నాడు. నేను అయోడిన్ పూస్తుంటే అరవకుండా అరబీలో ఏదో పాట పాడుకునేవాడు. మా మధ్య భాష అరబీ, ఉర్దూ, ఆసుపత్రి ఇంగ్లీషు కలిపి వండిన ఖిచిడీ. అయినా ఏ రోజూ ఆకలితో లేచిపోలేదు.

అతని ఆట క్యాంపు నుంచి వచ్చే మన తాపీ మేస్త్రీ ఒకడికి అంతుబట్టేది కాదు.

"గా లెబనానోడు ఉరకడు, తన్నడు, ఊకె నిలవడుతడు. బంతి మాత్రం ఆని కాళ్ళకాడికే వస్తది. ఏం మంత్రమేసిండే డాక్టర్?"

"మంత్రం గాదు మేస్త్రీ. ముందుగాల జూస్తడు, అంతే."

"నీకు మంత్రమంటే మంట లేస్తది. గందుకే నీతోని ఎవ్వడు రమ్మీ ఆడడు."

ఒక మ్యాచ్‌లో అతని పాదం ఇసుకలో దిగబడింది, మనిషి తిరిగాడు, కాలు తిరగలేదు. గీత దగ్గర కూర్చున్న నాకు చప్పుడు వినిపించింది. మోకాలు తాటికాయంత అయింది. ఆసుపత్రికి తీసుకుపోయాను. ఎక్స్‌రే దగ్గర తెనాలి వైపు నర్సమ్మ ఒకావిడ ఉండేది. తెలుగు వినబడితే చాలు, ఎంత పని ఉన్నా ఆగిపోయేది.

"ఎముక బాగానే ఉందండీ అన్నయ్యగారూ. లోపలి కట్టు, లిగమెంటంటారే, అది తెగిపోయిందంట. మా డాక్టరుగారు చూసి పెదవి విరిచేశారు. ఇక్కడ కోసేవాళ్ళు లేరండి. బొంబాయన్నా వెళ్ళాలి, లండనన్నా వెళ్ళాలి."

"ఆపరేషన్ గాకపోతే ఏమైతది చెల్లెమ్మా?"

"ఏవవుద్దండీ, నడుస్తారు. పరిగెత్తుకుంటూ వచ్చి ఠక్కున ఆగమంటే ఆగలేరు." కొంచెం ఆలోచించి అంది, "ఆగడమేగా ఈయన ఉద్యోగం?"

ఆయన కోసం ప్రార్థన చేస్తానంది. ప్రార్థన తర్వాత, ముందు డాక్టరుతో ఆపరేషన్ అన్న ముక్క గట్టిగా చెప్పించమన్నాను. "రెండూ చేస్తాలెండి, మీకేమన్నా నష్టమా?" అని నవ్వింది. నిజంగానే రెండూ చేసింది.

ఆపరేషనుకు పోవాలంటే క్లబ్బు ముదీర్ ఒప్పుకోవాలి. మేనేజరు ఆయన. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, కఫీల్ చెవి ముదీర్ దగ్గర. ఈ ముదీర్ దుర్మార్గుడై ఉంటే ఈ కథ చెప్పడం ఎంత తేలికయ్యేదో! కానీ మంచివాడు. గాయపడ్డ ఆటగాడి ఇంటికి స్వయంగా చేపలు పంపేవాడు. నన్ను కూర్చోబెట్టి, కాఫీ పోసి, తన కందూరాను, ఆ పొడుగు తెల్ల చొక్కాను, మెడ దగ్గర లాగి వీపు చూపించాడు. వెన్ను పక్కన గుండ్రటి పాత మచ్చలు.

"కొండ కింద ఒక ముసలాయన ఉన్నాడు డాక్టర్. కయ్ పెడతాడు. నేను వంగలేని మనిషిని. ఇప్పుడు చూడు" అని లేచి నేలను ముట్టుకున్నాడు.

కయ్ అంటే వాత. సముద్రం దాటి, ఎడారి దాటి వస్తే మా అమ్మ కాల్చిన గాజుముక్క నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

ఆయనతో వాదించాను. తెగిన తాడుకు పైన నిప్పు పెడితే అతుక్కుంటుందా అని అడిగాను. ఆయన కోపగించుకోలేదు. ముందు కయ్ చూద్దాం, తగ్గకపోతే అప్పుడు పంపుదాం, ఈలోగా సీజన్ పోతుంది, వీసా ఖాళీగా పెట్టుకుంటే కఫీల్ ఊరుకోడు అన్నాడు. ఇవన్నీ ఒకే గొంతుతో, ఒకే దయతో అన్నాడు.

లెబనాన్ మనిషి మర్నాడు నా గదికి వచ్చాడు. కాలు బల్ల మీద పెట్టించి మళ్ళీ మొదలుపెట్టాను. నరం, కండ, కట్టు, ఏది ఎక్కడుంటుందో వేలితో గీసి చూపించాను.

"నాకు తెలుసు" అన్నాడు. "మా నాన్న బడిపంతులు. మా ఇంట్లో ఇలాంటివి చెబితే నవ్వుతారు."

"తెలిసీ వెళ్తావా?"

"వద్దంటే ఏమవుతుందో కూడా తెలుసు హబీబీ. వద్దన్నవాడికి నమ్మకం లేదంటారు. నమ్మకం లేనివాడికి జట్టు మీద మనసు లేదంటారు. ఖలాస్. విమానం ఎక్కిస్తారు. ఎక్కడ దించుతారు? మా వీధి మొదట్లో ఇసుక బస్తాలు. మా ఇంట్లో వేరేవాళ్ళు కాపురం ఉంటున్నారు."

నమ్మకం వల్ల నిప్పు ముట్టుకునేవాణ్ణి నేను వాదించి ఆపగలను. ఆపిన సందర్భాలున్నాయి. నమ్మకం ఏ మాత్రమూ లేకుండా, భయంతో, లెక్క వేసుకుని మరీ నిప్పు ముందు కూర్చునేవాణ్ణి ఏం చెప్పి ఆపాలి? మా సభల్లో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. మూఢనమ్మకం అంటే తెలియనితనం అనుకునేవాళ్ళం. దీపం పెడితే పోతుందనుకునేవాళ్ళం. దీపం చేతిలో పట్టుకుని గోతిలోకి దిగే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

కొండ కిందికి ముదీర్ కారులో వెళ్ళాం. సాయంత్రం అసర్ నమాజు అయిన వేళ. ముసలాయన ఖర్జూరాలు పెట్టాడు, కాఫీ పోశాడు. పైసా తీసుకోడట. మోకాలి చుట్టూ బొటనవేలితో నొక్కుతూ పోయాడు. ఎక్కడ లెబనాన్ మనిషి ముఖం మారిందో అక్కడ బూడిదతో చుక్క పెట్టాడు. ఇనుప కడ్డీ బొగ్గుల్లో ఎర్రబడింది. బిస్మిల్లా అని ఆనించాడు. ఆ వాసన నేను ఎరిగినదే. లెబనాన్ మనిషి పాట పాడలేదు. నా మణికట్టు పట్టుకున్నాడు, అంతే. తిరుగు ప్రయాణంలో ముదీర్ అతని తల తన భుజం మీద ఆనించుకున్నాడు.

నా వాదాన్ని కాల్చింది ఆ తర్వాత జరిగింది. వాపు తగ్గింది. నొప్పి తగ్గింది.

"చూశావా!" అన్నాడు ముదీర్.

"కాలిన పుండు వల్ల కాలు కదపలేదు. కదపలేదు కాబట్టి వాపు తగ్గింది. ఆ విశ్రాంతే నేను మొదట చెప్పింది."

"నువ్వు చెప్పినప్పుడు ఎందుకు తీసుకోలేదు మరి?"

తీసుకోవడానికి మీరు ఒప్పుకోలేదు గనక. నిప్పు పెట్టాక మాత్రమే ఈ ఊళ్ళో ఒక కూలి ఆటగాడికి మంచం మీద పడుకునే హక్కు వస్తుంది గనక. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను. ఆయన పకపకా నవ్వి, "అయితే కయ్ మంచిదేగా!" అని నాకు ఇంకో కాఫీ పోశాడు.

లెబనాన్ మనిషి మళ్ళీ మైదానంలోకి దిగిన రోజునే ఎదుటివాడు ఎటు పోబోతున్నాడో అందరికంటే ముందు చూశాడు. చూసి తిరిగాడు. మోకాలు తిరగలేదు. ఆటగాడిగా అతని కథ అక్కడ అయిపోయింది. ముదీర్ విమానం ఎక్కించలేదు. కఫీల్‌ను బతిమాలి కుర్రాళ్ళ జట్టుకు కోచ్‌గా ఉంచాడు. రెండు మూడేళ్ళు పోయాక పెద్ద జట్టునే అప్పగించారు. బొంబాయి ఊసు మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పరిగెత్తనివాడికి మోకాలెందుకు?

కోచ్‌గా బాగా చేశాడు. జట్టును పై డివిజన్‌కు తెచ్చాడు. కుంటుతూ గీత పక్కనే తిరుగుతూ "నడుము! నడుము!" అని అరిచేవాడు. మన మేస్త్రీ కూడా గట్టు మీంచి "నడుం జూడుండ్రా, నడుం!" అని తెలుగులో అందుకునేవాడు. అతను తన చేతులతో తయారుచేసిన డిఫెండర్ ఒకడు, చేపలు పట్టే ఇంటి పిల్లవాడు, నూనూగు మీసాలు. కోచ్ ఎలా నిలబడేవాడో అచ్చం అలాగే నిలబడేవాడు. చేతులు వెనక్కి, బరువు ముందు వేళ్ళ మీద. వాళ్ళిద్దరినీ వెనక నుంచి చూస్తే ఒకే మనిషికి కుంటికాలొకటి, మంచికాలొకటి అన్నట్టుండేది.

జట్టు కిందికి జారుతున్న సీజన్‌లో, చివరి ఆటలకు ముందు, ఆ కుర్రవాడి మోకాలు తిరిగింది. అదే కాలు కాదు గానీ అదే చప్పుడు.

నర్సమ్మ నన్ను చూడగానే, "మళ్ళీ అదేనండీ అన్నయ్యగారూ" అంది. తర్వాత మెల్లగా, "కానీ ఈ అబ్బాయి ఇక్కడోడు కదండీ. సర్కారే బయటదేశం పంపుద్ది. ఇప్పుడెళ్తే కాలు దక్కుద్దంట. ఆడించొద్దని చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

అంటే ఈసారి దారి ఉంది. పాస్‌పోర్టు కుర్రవాడి ఇంట్లోనే ఉంది. అడ్డం సీజన్ ఒక్కటే. ఆ పిల్లవాడు లేకపోతే జట్టు కింది డివిజన్‌కు పోతుంది. పోతే కొత్త కోచ్ వస్తాడని కఫీల్ అప్పటికే అనేశాడు. లెబనాన్‌లో ఇసుక బస్తాలు అప్పటికి ఇంకో వీధికి పాకాయి.

కుర్రవాడి తండ్రి మైదానానికి వచ్చాడు. ఎండకు కమిలిన ముఖం, వలలు లాగి లాగి వంకర్లు తిరిగిన వేళ్ళు. ముదీర్ కయ్ అంటున్నాడు, ఆసుపత్రి వద్దంటోంది. ఆయనకు ఏదీ తేలడం లేదు. కోచ్ ముందు నిలబడి, అతని మోకాలి వంక చూస్తూ అడిగాడు.

"నువ్వు నా తమ్ముడివి. నీకూ ఇదే దెబ్బ తగిలింది, నీకూ కాల్చారు. మాకు తెలియదు, నీకు తెలుసు. నిజం చెప్పు. కయ్ నీకు పనిచేసిందా?"

నేను పక్కనే ఉన్నాను. ఇంత చక్కగా అడిగిన ప్రశ్నను నేను ఏ సభలోనూ వినలేదు. ఆ చేపలాయన శాస్త్రం చదవలేదు, అయినా సాక్షిని పిలిచాడు. అనుభవించినవాణ్ణి అడిగాడు. హేతువాదం అంటే ఇంకేమిటి? లోకంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పదగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను ఒక్క మాట అంటే చాలు.

కోచ్ నా వైపు చూడలేదు.

"చేసింది" అన్నాడు.

నేను తండ్రికి అడ్డం వెళ్ళి అరబీలో నాకు చేతనైనంత చెప్పాను. ఈ కాలు చూడండి, ఈ నడక చూడండి అన్నాను. ఆయన మర్యాదగా విన్నాడు. కాలినవాడే పనిచేసిందంటుంటే కాలనివాడి మాట ఎవరు వింటారు? పొట్ట మీద చొక్కా ఎత్తి చూపిద్దామా అనుకున్నాను కూడా. నేను బతికే ఉన్నానుగా! ఆయనకు అదే రుజువైపోతుంది.

మళ్ళీ కొండ కింద. మళ్ళీ ఖర్జూరాలు. ముసలాయన చేతులు అప్పటికి వణుకుతున్నాయి. కోచ్ కారులోంచి దిగలేదు.

వాపు తగ్గింది, మామూలే. కుర్రవాడు చివరి ఆట ఆడాడు. సగం దాకా ఆడాడు. ఆ తర్వాత మోకాలు పట్టుకుని ఇసుకలో కూర్చుండిపోయాడు. నేను బకెట్టు తీసుకుని పరిగెత్తాను గానీ ఐసు పెట్టడానికి అక్కడేం మిగల్లేదు. జట్టు ఓడిపోయింది, కిందికి పోయింది. కుర్రవాణ్ణి సర్కారు బయటదేశం పంపింది. అక్కడి డాక్టర్లు లోపలి కీలు నలిగిపోయిందనీ, ముందే రావలసిందనీ చెప్పి పంపేశారట. నర్సమ్మ ఈ సంగతి చెబుతూ ప్రార్థన మాట ఎత్తలేదు.

కోచ్‌ను ముదీర్ ఈసారి కాపాడలేకపోయాడు. సైప్రస్ దాకా విమానం, అక్కడినుంచి ఓడ. బేరూత్ విమానాశ్రయం మూసి ఉన్న రోజులవి.

బయలుదేరే రోజు పొద్దున సామాను సర్దడానికి వెళ్ళాను. చేపలాయన నా కంటే ముందే వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు, ఒళ్ళో ఖర్జూరాల డబ్బా. నిలదీయడానికి వచ్చాడనుకున్నాను. అలా జరిగినా బాగుండేది. ఆయన కోచ్‌ను కౌగిలించుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాడు.

"నీ తప్పేం లేదు. ముసలాయనకు చూపు ఆనడం లేదు. చోటు తప్పింది. నీకు పెట్టిన చోటే వాడికీ పెట్టి ఉంటే లేచి పరిగెత్తేవాడు."

డబ్బా ఇచ్చి వెళ్ళిపోయాడు. కోచ్ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. నేను మండిపోయాను. చూశావా, ఈ నమ్మకానికి చావు లేదు. తగ్గితే వాత గొప్పతనం, తగ్గకపోతే చోటు తప్పడం. తప్పని రుజువు చేయడానికి వీల్లేని మాట మాటే కాదు, దీన్ని ఇలాగే వదిలేస్తే ఇంకో పిల్లవాడు, ఇంకో కాలు అని, సభలో ఉన్నట్టే, చెయ్యి ఊపుతూ చెప్పాను.

"చోటు తప్పింది" అన్నాడు కోచ్.

ఎకసెక్కం అనుకున్నాను. కాదు. బడిపంతులు కొడుకు, వాతలంటే నవ్విన ఇంటివాడు, తెలిసీ కాల్పించుకున్నవాడు, తన మోకాలి మీది మచ్చను పంట్లాము మీంచి తడుముతూ అన్నాడు.

"నాకు ఇక్కడ పెట్టాడు. వాడికి కొంచెం కిందికి పెట్టాడు. నేను చూశాను."

"నువ్వు కారు దిగలేదు."

"చూశాను."

"నీకు కూడా పనిచేయలేదు కదా! నీ కాలు చూసుకో! నువ్వు నడవడం చూసుకో! నాతో నువ్వే అన్నావు, నాకు తెలుసని."

అతను డబ్బా బల్ల మీద పెట్టాడు.

"సరే. నువ్వు చెప్పేదే నిజం అనుకుందాం. అప్పుడు ఆ పిల్లవాడికి నేనేం చేసినట్టు? చెప్పు హబీబీ."

జవాబు నా దగ్గర ఉంది. ఒక్క వాక్యం. అతని చూపు నా ముఖం మీద లేదు, నా నడుము మీద ఉంది. ఎటు కదలబోతున్నానో చూస్తున్నాడు.

బయట టాక్సీ హారన్ కొట్టింది. నేను పెట్టె ఎత్తుకుని తీసుకుపోయి డిక్కీలో పెట్టాను. అతను కుంటుతూ వచ్చి వెనక సీట్లో కూర్చుని, ఆ కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. తలుపు వేశాను. కిటికీ అద్దం దించి నా మణికట్టు పట్టుకున్నాడు.

"కొంచెం కిందికి పెట్టాడు" అన్నాడు.

పఠాన్ డ్రైవరు యల్లా అన్నాడు, బండి కదిలింది.